మరుగుదొడ్డి చెప్పులు

క్యోటోలో మా వీధి చివరనున్న గుడి తోటకు తోకుహిసా మాస్టారు రోజూ వస్తారు. వరండా అంచున నిటారుగా కూర్చుని, దువ్వెనతో గీసినట్టున్న తెల్లకంకరను చూస్తుంటారు. ఎవరు కాస్త అలికిడి చేసినా గొంతు సవరిస్తారు. నిన్న ఒకావిడను, "ఏంటమ్మా ఆ సంచి గలగల? ఇది గుడా, చేపల బజారా?" అని కసిరి, మరుగుదొడ్డికి వెళ్లొచ్చి మళ్లీ కూర్చున్నారు. ఆవిడే దగ్గరికి జరిగి, "మాస్టారూ, ఏమనుకోకండి... మీ కాళ్లు..." అంది మెల్లగా. మరుగుదొడ్డిలోనే విడిచి రావలసిన ఆకుపచ్చ ప్లాస్టిక్ చెప్పులు ఆయన కాళ్లకే ఉన్నాయి. వరండాలో అందరూ ఎన్నడూ లేనంత శ్రద్ధగా కంకర చూడసాగారు. చెవులు ఎర్రబడగా, ఆయన ఆ చెప్పులు చేత పట్టుకుని, వట్టి మేజోళ్లతో వరండా పొడవునా నడిచారు. ఈరోజూ వచ్చారు. వెనక ఎవరిదో ఫోన్ టిక్కుమంది. మాస్టారు గొంతు సవరించబోయి, దాన్ని దగ్గుగా మార్చేసుకున్నారు.