తెల్లవారి రేడియోలో మా పెద్దమ్మ తత్వం

ఆ రేడియో అధికారి నన్ను కూర్చోమనలేదు. ఆయన ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ సంగతి ఎవరికి చెప్పినా అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, కురుగోడులో మిరపచేలకు కూలికి పోతుంది. తత్వాలు పాడుతుంది. వాటిలో దేవుడి పేరు ఉండదు. గురువు ఉంటాడు, ఊపిరి ఉంటుంది, ఒంటిని వదిలిపోయే జీవుడు ఉంటాడు. ఆమెకు పూజ అంటే అదే. ఇంట్లో ఒక్క పటం కూడా లేదు. మా ప్రాంతపు సర్కారు రేడియోలో పొద్దున్నే భక్తి గీతాలు వస్తాయి. మామూలు రోజుల్లో గుళ్ల పాటలు, శుక్రవారం దర్గా పాట, ఆదివారం ఏసు పాట.

"అందురి దేవుళ్లూ వస్తాండారు, మాదొక్కటే రాలేదు" అని ఆమె ఓసారి నవ్వుతూ అంది. నాకు నవ్వు రాలేదు. గాంధీనగర్‌లోని మా ఇంట్లో కూర్చుని అర్జీ రాసి రేడియో స్టేషనుకు పట్టుకుపోయాను.

"ఇది ఏ దేవుడి పాటప్పా?" అన్నాడు అధికారి.

"ఏ దేవుడిదీ కాదు సార్. గురువుది."

"మరి భక్తిలో యాడ పెట్టేది? జానపదంలో ఏస్తాం, బిడప్పా." ఇక వదిలెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమెను పిలిపించి రికార్డు చేశారు, వేశారు కూడా. సాయంత్రం రైతుల కార్యక్రమంలో, మిరపకు పట్టే పురుగుకు ఏ మందు కొట్టాలో చెప్పిన వెంటనే. పెద్దమ్మ తత్వం ఎత్తుకునే ముందు చెప్పులు విడుస్తుంది. అలాంటి తత్వాన్ని తీసుకుపోయి పురుగుమందు వెనక నిలబెట్టారు. నేను మళ్లీ రాశాను. జవాబు రాకపోతే ఇంకోసారి రాశాను. అందరి సొమ్ముతో నడిచే రేడియోలో ఏది భక్తో, ఏది వినోదమో తేల్చే హక్కు మీకెవరిచ్చారని అడిగాను. విసిగిపోయారో ఏమో, సోమవారం పొద్దున భక్తి గీతాల్లో వేస్తామని చివరికి ఫోన్ చేశారు.

ఆ పొద్దు నేను తోరణగల్లు వెళ్లే కంపెనీ బస్సులో ఉన్నాను. డ్రైవరును అడిగి రేడియో పెట్టించాను. పెద్దమ్మ గొంతు బస్సంతా నిండింది. వెనక సీట్లో కునుకుతున్న, తత్వాలు పాడే మావాళ్లలోని ఒక పెద్దాయన ఉలిక్కిపడి లేచి, తలమీది టోపీ తీశాడు.

"ఎవురప్పా పోయింది?"

"ఎవురూ పోలేదు. రేడియో అది."

"తెల్లారకముందు తత్వమా?" అని ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

మావాళ్లకు తత్వం మిరపచేలో వినిపిస్తే అది పాట. తెల్లవారకముందు వీధిలో వినిపిస్తే మాత్రం ఏదో ఇంట్లో శవం దగ్గర రాత్రంతా భజన జరిగిందని అర్థం. శవం లేచేదాకా ఆ వీధివాళ్లు కూలికి కదలరు. పెద్దమ్మ వీధి చివర టీ హోటలుంది. హోటలాయన రోజూలాగే రేడియోను మైకుకు తగిలించాడు. పెద్దమ్మ గొంతు మైకులో వస్తోంది, మనిషి బయట కనబడలేదు. పోయింది పెద్దమ్మేనని, ఆమె పాత పాట వేసి పెట్టారని వీధంతా అనుకుంది. ఒకామె పూలహారం పట్టుకొని గడప దాకా వచ్చేసింది.

"అవ్వా, నువ్వు బతికే ఉండావా?" అని అడిగిందట.

"లేకుంటే ఈ టీ ఎవురు తాగుతాండారే?" అందట పెద్దమ్మ. "తెచ్చినావు కదా, ఏసి పో."

అందరూ నవ్వారట. ఊరి నుంచి ఫోన్ వస్తే బస్సు దిగి నేను కురుగోడు చేరేసరికి ఆ నవ్వు లేదు. కూలీల ట్రాక్టరు ఇంకో వీధివాళ్లను ఎక్కించుకొని వెళ్లిపోయింది. వీధికంతా ఆ రోజు కూలి పోయింది.

"బతికిన మనిషికి చావు పాట ఏపిస్తివి కదప్పా" అంది హారం తెచ్చినామె.

"భక్తి పాటమ్మా అది."

"భక్తి మాకు తెలీదా? పొద్దు చూసుకోవల్ల."

పెద్దమ్మ నా వైపు గానీ ఆమె వైపు గానీ చూడలేదు. గ్లాసు కడిగి బోర్లించింది.

ఆ వారమే రేడియోవాళ్లు ఫోన్ చేశారు. "అశుభమని జనం ఫోన్లు చేస్తాండారు. నమ్మకాలను మేం గౌరవించల్ల కదప్పా."

"మా పెద్దమ్మది నమ్మకం కాదా?"

"దేవుడి పేరుండేది ఏదన్నా పాడమనండి, ఏస్తాం."

పెద్దమ్మకు చెప్పాను. "నాకు రావు" అంది. పెళ్లిళ్లలో ఆమె అలాంటివి పాడగా నేనే విన్నాను.

నేను అడిగింది తప్పని ఇప్పటికీ అనుకోను. వెలుగొచ్చాక వేయండని మళ్లీ రాశాను. జవాబు లేదు. ఇంకా రాస్తాను.

మొన్న సెలవు రోజు మిరపచేనికి వెళ్లాను. కాయ కోస్తూ పెద్దమ్మ చెప్పులు గట్టు పక్కన విడిచి, గొంతు సవరించుకుంది. పక్క సాలులో ఆ హారం తెచ్చినామే ఉంది.

"వద్దులే అవ్వా, ఆ పొద్దు మతికొస్తాది" అంది మెల్లగా. ఆ మాటలో చెడ్డతనం లేదు.

పెద్దమ్మ చెప్పులు మళ్లీ తొడుక్కుంది. చేనంతా కాయలు తుంచే చప్పుడే. రేడియోవాళ్ల మీద ఎవరికి రాయాలో నాకు తెలుసు. ఈమె మీద ఎవరికి రాయాలి?