తాగుడుకి పడని గీత

పెళ్ళయిన కొత్తలో, రావులపాలెం దగ్గర మా ఊళ్ళో జరిగింది. ఊడ్పుల రోజులు. మావారు చేలోంచి తూలుతూ వచ్చి అరుగు మీద పడిపోయారు. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తర్వాత ఒళ్ళంతా పచ్చబడింది. పొలం గట్టు తగాదాతో మా మీద కక్షగా ఉన్న మావారి అన్నగారికి, అదే మా బావగారికి, అంతే చాలింది. “పట్టపగలే తాగేస్తున్నాడండి, లివర్ పోయింది” అని ఊరంతా చాటారు. సారా వాసనే గిట్టని మనిషిని!

కామెర్లని పసరు పోయిస్తుంటే మూత్రం ఆగిపోయింది. హడలిపోయి రాజమండ్రి తీసుకెళ్ళాం. డాక్టరుగారు వేలెడంత కార్డు మీద రక్తం చుక్క వేశారు. గీత పడింది.

“ఊరంతా తాగుడంటున్నారండి” అన్నాను ఏడుస్తూ.

“కాదమ్మా, ఎలకల ఉచ్చ కలిసిన చేలో నీళ్ళ వల్ల వచ్చిన జ్వరం. ఆ ఉచ్చలో ఉండే క్రిమి ఒంట్లోకి చేరింది. దాని పైపొరలో ఉండే ప్రొటీన్‌ని ల్యాబులో తయారుచేసి ఈ కార్డులో పెట్టారు. ఆ క్రిమి సోకినవాళ్ళ రక్తం తగిలితేనే గీత పడుతుంది. తాగుడుకి ఈ గీత పడదు.”

మావారు బతికి బయటపడ్డారు.

మరుసటేడు ఊడ్పులకి బావగారి కళ్ళు ఎర్రబడ్డాయి. అదే ఆస్పత్రి, అదే గీత. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా మంచం చుట్టూ ఉండగా అడిగాను.

“ఏ కొట్లో తాగారు బావగారూ?”

“నేను తాగనని నీకు తెలుసు కదమ్మా!”

“తెలుసండి. మీ తమ్ముడు తాగరని మీకూ తెలుసు కదండి.”

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

జబ్బు మనిషిని అలా అనొచ్చా అని మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతారు. మావారూ అప్పుడు జబ్బు మనిషేగా!