పెదనాన్న కట్టిన చెప్పుల జత

మా పెదనాన్న ఎదుట ఎవరైనా తీపి మాటెత్తారంటే ఆయన వెంటనే చెప్పు తీస్తాడు.

కొట్టడానికి కాదు, పాఠం చెప్పడానికి. ఆ సంగతి మాకు తెలుసు, ఎదుటివాళ్లకి తెలియదు కదా! కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని, వంగి, చెప్పులు చేతిలోకి తీసుకుంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ఒకసారి సెలూన్లో పక్క కుర్చీ ఆయన, "ఈమధ్య టీలో చక్కెర తగ్గించానండీ" అన్నాడు పాపం. మరుక్షణం ఆ మనిషి సగం గడ్డంతో వీధిలో ఉన్నాడు.

పాఠం ఎప్పుడూ ఒకటే. జేబులోంచి దారం తీసి, చెప్పులు రెండూ కలిపి ముడేస్తాడు.

"కొట్లో కొత్త చెప్పులు ఇలాగే కదా ఉంటాయి. వేసుకుని నడవగలవా?"

"నడవలేనండీ."

"దారం తెంపితే?"

"నడుస్తానండీ."

"అంతే! గ్లూకోజు విడి చెప్పు. పేగుల్లోంచి నేరుగా రక్తంలోకి నడిచిపోతుంది. పంచదార ముడేసిన జత. పాలల్లో ఉండే చక్కెర ఇంకో జత. ముడి తెగితే గానీ లోపలికి పోవు. ఒక్కో ముడికి ఒక్కో కత్తెర, అంటే ఎంజైము, కావాలి. పంచదార కత్తెర దాదాపు అందరికీ ఉంటుంది. పాల కత్తెర ఉందే, పెద్దయ్యాక చాలామందికి మొద్దుబారిపోతుంది. అప్పుడా జత అలాగే పెద్దపేగులోకి పోతుంది. అక్కడి సూక్ష్మజీవులకి విందు, మనకి గ్యాసూ నొప్పీ!"

ఇంత చెప్పి ముడి విప్పడం మరిచిపోతాడు. "వస్తానోయ్" అంటూ ఆ జతే తొడుక్కుని అడుగేస్తాడు. ఆయన ముందుపళ్లు ఎలా పోయాయని మా ఇంట్లో ఎవరూ అడగరు.

ఆయనకి మాత్రం పాలంటే ప్రాణం. పెద్దమ్మ తోడుకి దాచిన పాలు కూడా తాగేసి పిల్లి మీదికి నెట్టేవాడు. వాళ్లింట్లో పిల్లే లేదు.

ఇలా ఉండగా మా చెల్లికి పెళ్లయింది. ఆ ఇంట్లో పొద్దున్నే అందరూ గ్లాసుడు పాలు తాగాలని అత్తగారి శాసనం. తాగిన గంటకల్లా చెల్లి కడుపు పట్టుకుని ముడుచుకు పడుకునేది. "పని చెప్పగానే వస్తుందా నొప్పి!" అని ఆవిడ ఇరుగుపొరుగులతో అనడం మొదలుపెట్టింది. నాటకాలమారి అన్న పేరు పడితే ఇక ఆ ఇంట్లో తన మాటెవరూ నమ్మరని చెల్లి ఫోన్లో ఏడ్చింది.

పెదనాన్నా నేనూ బయల్దేరాం. కుశలప్రశ్నలు కాగానే ఆయన గుమ్మం బయటికి వెళ్లి చెప్పులు పట్టుకొచ్చాడు.

"అన్నయ్యగారూ! మా ఇంటికొచ్చి చెప్పు తీస్తారా?" అంటూ అత్తగారు లేచి నిలబడింది. బావ అడ్డం వచ్చాడు. నేను గోడకి అతుక్కుపోయాను.

ఆయన అదేం పట్టించుకోకుండా పాఠం మొత్తం చెప్పాడు.

"ఏమోనండీ, మా వాళ్లలో ఎవరికీ లేదీ కత్తెర గోల. పోనీ మీ వాళ్లలో ఇంకెవరికైనా ఉందా?" అందావిడ.

చెల్లి తల వంచుకుని నిలబడి ఉంది. పెదనాన్న దానివైపు చూశాడు.

"నాకే ఉంది చెల్లెమ్మా. చుక్క పడితే చాలు, ఇక రోజంతా పొర్లాడ్డమే!"

నాకు పొలమారింది. ఆవిడ అనుమానంగా చూసి, ఆయనకి పాలు లేని టీ తెచ్చింది. పెదనాన్న దాన్ని ఆముదంలా మింగుతూ, "బ్రహ్మాండం" అన్నాడు. ఆ క్షణాన ఆయన మీద నాకెంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

వీధి మలుపు తిరిగామో లేదో టీకొట్టు కనబడింది.

"బాబూ, చిక్కటి పాలు! పెద్ద గ్లాసు!"

ఒకటి గటగటా తాగి, రెండోది అందుకుని, మీసానికి నురగతో తల తిప్పేసరికి ఎదురుగా చెల్లెలి అత్తగారు. మేం మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికి వచ్చింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. చెల్లి కొంప మునిగిందనుకున్నాను. పెదనాన్న గ్లాసు వెనక్కి దాచబోయి చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

"మీకు పాలంటే ఇంత ఇష్టమా అన్నయ్యగారూ?"

"ప్రాణం చెల్లెమ్మా," అన్నాడు దొంగలా.

ఆవిడ గొడుగు నా చేతిలో పెట్టి వెనక్కి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే చెల్లి ఫోను. భయపడుతూనే తీశాను.

"అన్నయ్యా! అత్తయ్య ఇవాళ నాకు పాలు లేకుండా టీ ఇచ్చారు. 'అంత ప్రాణమైన పాలు వద్దని, నీకోసం నా ఎదురుగా ఆ కషాయం తాగాడాయన. నీ నొప్పి నిజమే అయ్యుంటుందిలే' అన్నారు. ఈసారి పెదనాన్న వస్తే టీకొట్టుకి పోనక్కర్లేదట, ఆయనకోసం పెద్ద గ్లాసు తీసిపెట్టారు."

పరుగున వెళ్లి పెదనాన్నకి చెప్పాను.

"అదెలా కుదురుతుందిరా? నాకు పడవని చెప్పానుగా!" అని కాసేపు బెట్టు చేశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు:

"ఎంత పెద్ద గ్లాసట?"