ఫిరంగి మోసిన మనిషి

ఆ వాక్యాన్ని కొట్టేసింది నేనే.

మలేషియాలో, క్లాంగ్‌లోని మా తెలుగు చర్చి తరఫున, పాత రబ్బరు ఎస్టేటు కుటుంబాల జ్ఞాపకాలతో ఒక పుస్తకం వేస్తున్నాం. చాలా ఏళ్లు పత్రికలో పనిచేసినవాణ్ణి కనుక దిద్దే పని నాకప్పగించారు. ఎనభై దాటిన ఒకావిడ, వరసకు నాకు అత్త, చెప్పి రాయించిన పేజీలో ఇలా ఉంది: “యుద్ధంలో మా అయ్య జపానువాళ్ల ఫిరంగిని భుజాన మోసినాడు.” ఫిరంగిని మనిషి మోయడమేమిటి? ఎర్ర సిరాతో గీత పెట్టి, దిద్దిన ప్రతి ఆవిడకు పంపాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక టీ బల్ల దగ్గర నన్ను పట్టుకుంది.

“ఏటి అల్లుడూ, మా అయ్యని కొట్టేసినావంట?”

“మీ అయ్యని కాదత్తా, ఆ ఒక్క వాక్యం. ఫిరంగి అర టన్ను ఉంటాది.”

“నువ్వెత్తి సూసినావా లా?”

ఇక్కడి వాళ్లందరిలాగే మాట చివర ‘లా’ తగిలించి అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

“మా అయ్య ఎత్తినాడు. జపానోళ్లు ఇప్పదీసి ముక్కలు సేసి ఇచ్చినారు. ఇద్దరికో ముక్క. కర్రకి కట్టుకుని, రబ్బరు పాల డబ్బాలు మోసినట్టే మోసినారు. ఎత్తు ఎక్కినప్పుడు పొట్టోడు ముందు, పొడుగోడు ఎనక. మా అయ్య పొట్టోడు. ఆ మాట లేకపోతే నా పేజీయే వొద్దు, తీసేయ్.”

పొట్టివాడు ముందు అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది. కర్ర సమంగా ఉండాలంటే పొడుగువాడు వెనకే ఉండాలి. మోసినవాడికి తప్ప తట్టని సంగతి అది. పుస్తకం ప్రెస్సుకు వెళ్లడానికి ఇంకా పది రోజులున్నాయి. తేలేదాకా ఆ పేజీ ఇవ్వనని కమిటీకి చెప్పేశాను.

సైబర్‌జయలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి రోజూ కారులో వెళ్లి చదివాను. జపాను మొదట ఫిరంగులను విదేశాల నుంచి కొని, తర్వాత ఆ నమూనాల మీద సొంతంగా తయారుచేసుకుంది. రోడ్లు లేని కొండల్లో, బురదలో యుద్ధం చేయాల్సి వస్తుందని, గుండు ఎంత దూరం పోతుందన్నదాని కన్నా ఫిరంగి ఎంత తేలికన్నది ముందు చూసింది. రెండో ప్రపంచ యుద్ధానికి కొన్నేళ్ల ముందు వచ్చిన కొండ ఫిరంగిని నిమిషాల్లో పదకొండు భాగాలుగా విప్పవచ్చు. మోయడానికి ఆరు గుర్రాలు కావాలి. గుర్రం పోలేని చోట మనుషులు. యుద్ధం ముదిరాక కర్మాగారాలు విమానాలకూ ఓడలకూ మళ్లాయి. సైన్యం చాలా చోట్ల తన దగ్గరున్న పాత ఫిరంగులతోనే నెట్టుకొచ్చింది. గుర్రాలు పోలేని చోట వాటిని మోసిన మనుషులెవరో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

విప్పిన భాగాల బొమ్మకు నకలు తీసుకుని అత్త ఇంటికి వెళ్లాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

“ఇందులో ఏది మోసినాడో సెప్పలేదురా.”

“పరవాలేదత్తా. వాక్యం ఉంటాది.”

“నీ ఎర్ర గీత?”

“తప్పు నాదే.”

“పేపరోడు తప్పు ఒప్పుకున్నాడు. అది కూడా రాయించు లా,” అంది.

రాయించాను. పుస్తకం అచ్చయింది, ఆ వాక్యం ఆవిడ చెప్పినట్టే ఉంది. అయితే అప్పట్లో అత్త కుటుంబం ఉన్న ఎస్టేటు కువాలా సెలంగోర్ దగ్గరిది. ఆ ఎస్టేటు చుట్టూ అంతా చదును నేల. వాళ్లు ఫిరంగితో ఎక్కిన ఎత్తు ఎక్కడిదో, ఇంటికి ఎంత దూరమో, ఇప్పటికీ తెలియలేదు.