చుక్కల గీతలో బావి

దయ్యం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఖర్చు. నిమ్మకాయలు, నల్లకోడి, తాయెత్తు, మంత్రగాడికి దక్షిణ. మాది గుడ్లవల్లేరు. చర్చికి వెళ్లే కుటుంబం. నేను చదివింది మూడో తరగతి దాకా. దయ్యాలను నమ్మే తీరిక గానీ, వాటిని మేపే డబ్బు గానీ నా దగ్గర ఎప్పుడూ లేవు. చీకట్లో పెరట్లోకి వెళ్లడానికి భయపడే కోడల్ని తిట్టినదాన్ని.

నేను చెప్పబోయేది పట్టపగలు, పదిమంది ఎదుట జరిగింది.

ఉప్పెన వచ్చిన మరుసటి వేసవి. మా చెల్లెలు సుగుణమ్మది దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఒక చిన్న పేట. ఆమె, మా మరిది, చిన్నపిల్లవాడు బతికారు. పెద్దపిల్ల రూతు ఆ రోజు గాలి ముదరకముందే మంచినీళ్లు తెస్తానని బిందె తీసుకుని బావికి వెళ్లింది. మళ్లీ కనబడలేదు. శవమూ దొరకలేదు.

నేను బియ్యం, పాత చీరలు మూటగట్టుకుని బందరు వెళ్లి, అక్కడ అవనిగడ్డ బస్సెక్కి, చివర నడిచి చేరాను. పేట ఉన్న చోట మట్టి దిబ్బలే ఉన్నాయి. అటు ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. ఒక్క ఇసుక పర్ర నేలలో ఉన్న ఆ బావిలోనే తియ్యటి నీళ్లు పడేవి. ఉప్పెన దాన్ని మట్టితో పూడ్చి, పైన చదును చేసి పోయింది.

బావి దొరక్కపోతే పేటను పైనున్న రోడ్డు పక్కకు మార్చేస్తామని అధికారులు అన్నారు. అందరూ సరేనన్నారు. మా చెల్లెలు మాత్రం కదలనంది.

"ఊరు కదిలిపోతే పిల్ల ఎక్కడికొస్తుందక్కా? దానికి దారి ఇదే కదా తెలుసు" అంది.

నేను మూట విప్పి, తెచ్చిన చీరలు దాని ఒళ్లో పెట్టాను.

బావి చోటు తేల్చడానికి ఒక సర్వేయరు వచ్చాడు. ముప్పై దాటని మనిషి, నెమ్మదస్తుడు. కాలవ మీద తూము ఒక్కటే మిగిలితే, అక్కణ్ణుంచి గొలుసు పట్టించి కొలిచాడు. రెండు రోజులు కొలిచి, చివరికి మ్యాపులో చుక్కలతో ఒక గుండ్రం గీసి కూర్చున్నాడు.

"బావేదండీ?" అన్నాను.

"ఈ చుక్కల లోపల ఎక్కడో ఉందమ్మా."

"ఎక్కడో అంటే మాకూ తెలుసు. దానికి గవర్నమెంటు జీతం ఎందుకు?"

ఆయన నవ్వాడు. "పాత మ్యాపు ఒకచోట చూపిస్తోంది, తర్వాత వేసింది ఇంకోచోట. సరిచూద్దామంటే సర్వేరాళ్లు కొట్టుకుపోయాయి. ఇక్కడ పెన్సిలు గీత మందం, నేల మీద ఒక గది వెడల్పు. తెలియనిదాన్ని చుక్కలతోనే గీయాలి. గట్టి గీత గీస్తే అబద్ధమాడినట్టే."

తరవాత ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. రోజూ ఆ బావికి వెళ్లిన ఆడవాళ్లు, ఎవరింటి చోటు నుంచి వాళ్లు, బిందె పట్టుకుని ఆలోచించకుండా నడవమన్నాడు. కాళ్లు ఆగిన చోట ఒక మేకు కొడతానన్నాడు.

బతికి మిగిలిన ఆడవాళ్లు ఒక్కొక్కరే నడిచారు. కొందరు దారి మధ్యలోనే ఏడ్చి కూలబడ్డారు. మేకులన్నీ ఆ గుండ్రంలోనే పడ్డాయి గానీ, ఏ రెండూ దగ్గరగా లేవు. మా చెల్లెలు లేవనే లేవలేదు. తవ్వడానికి వచ్చిన కూలివాళ్లు సాయంత్రానికి వెళ్లిపోతారు, తవ్వితే ఒక్కచోటే తవ్వుతారు.

చివర నడిచినావిడ బిందెను మట్టిలోనే పడేసి వచ్చేసింది. అది నేను ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి బిందె. సొట్ట పడిందేమోనని విసుక్కుంటూ వెళ్లి తీసి, కుడి చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాను.

అంతవరకు నాకు స్పష్టంగా గుర్తుంది.

నేను అందరూ కూర్చున్న డేరా వైపు నడవాలి. కాళ్లు అటు పోలేదు. బిందె కుడి చంక నుంచి ఎడమ చంకకు మారింది. నా జన్మలో ఎడమ వైపు బిందె మోయలేదు. చదునుగా ఉన్న నేల మీద, ఏదో అడ్డున్నట్టు పక్కకు ఒరిగి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్లాను. మోకాళ్ల నొప్పి తెలియలేదు. భయం కూడా లేదు. నీళ్లు తొందరగా తేవాలన్న ఆలోచన ఒక్కటే ఉంది. ఒకచోట ఆగి బిందె కింద పెట్టాను.

వెనక నుంచి మా చెల్లెలు పిలిచింది. నన్ను కాదు.

"రూతూ."

తిరిగి చూస్తే లేచి నిలబడి ఉంది. నా ముఖం చూడగానే మళ్లీ కూర్చుండిపోయింది.

సర్వేయరు ఏమీ అడక్కుండా అక్కడే మేకు కొట్టించాడు. పొద్దు వాలకముందే పారకు బావి వర తగిలింది. పూడిక తీశారు. నీళ్లు తియ్యగానే ఉన్నాయి. బావిలో ఎవరూ లేరు. ఇది చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మట్టి, కొమ్మలు తప్ప ఏమీ లేవు.

రూతుది ఎడమచేతి వాటమని, దారిలో ముళ్ల తుమ్మ ఉంటే చీర పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్లేదని మా చెల్లెలు ఆ రాత్రి చెప్పింది. పిల్లది ఎడమచెయ్యి అని నాకు ముందు తెలుసేమో, మరిచిపోయానేమో. తుమ్మ సంగతి మాత్రం తెలియదు. ఆ పేటకు నేను అంతకుముందు వెళ్లింది పెళ్లికీ, పురిటికీ. బావి వైపు వెళ్లలేదు.

సర్వేయరు చుక్కలు చెరిపి గట్టి గీత గీశాడు. "ఎలా తెలిసిందమ్మా?" అన్నాడు. తెలియదన్నాను. తలూపి, మ్యాపు చుట్టేసుకున్నాడు.

పేట అక్కడే నిలిచింది. మరుసటేడు వెళ్లినప్పుడు మా చెల్లెలు బిందె తెచ్చి నా చేతికిచ్చింది. "ఒక్కసారి నడువక్కా" అంది. ఇలాంటివాటికి నేను ఒప్పుకునే మనిషిని కాదు. కానీ నడిచాను. ఎడమ చంకనే పెట్టుకున్నాను. తుమ్మ ఉండేదన్న చోట చుట్టూ తిరిగాను కూడా. ఆమె అరుగు మీద నుంచి చూస్తూ ఉంది. బావి ఇంకా దూరం ఉండగానే లేచి వచ్చి బిందె అందుకుంది.

"చాల్లే అక్కా, ఎండగా ఉంది. నువ్వే" అంది.

రెండోసారి నడిచింది నేనే. మొదటిసారి సంగతి నాకు ఇప్పటికీ తెలియదు.