జెస్సీ వెనక్కి తీసుకున్న దరఖాస్తు

కోవిడ్ తర్వాత బడులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, మస్కట్‌లోని ఒక ఇండియన్ స్కూల్లో నన్ను పన్నెండో తరగతి సైన్స్ సెక్షన్‌కు క్లాస్ టీచర్‌గా వేశారు. నేను చెప్పేది ఫిజిక్స్. పాఠాలతో పాటు క్లాస్ టీచర్‌కు స్కాలర్‌షిప్ దరఖాస్తుల పని కూడా ఉండేది. బయటి సంస్థల ఫారాలు ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి మాకు వచ్చేవి. మార్కులు, హాజరు, నడవడి సరిచూసి, సంతకం పెట్టి, స్కూలు ముద్ర వేయించి, కవరు అంటించి పంపాలి. దీన్ని వెరిఫికేషన్ అనేవాళ్లం.

వాటిలో ఒకటి తెలుగు నర్సులు నడిపే దళిత క్రైస్తవ స్త్రీల సమాజానిది. కోస్తా జిల్లాల మాల, మాదిగ కుటుంబాల్లో పుట్టి, మిషన్ హాస్టళ్లలో చదువుకుని, ఒమాన్ ఆసుపత్రుల్లో చేరిన ఆడవాళ్లు పెట్టుకున్న సంఘం అది. తమవాళ్ల పిల్లల్లో ఏటా ఒకరికి డిగ్రీ పూర్తయ్యేదాకా కాలేజీ ఫీజు కట్టేవారు. కార్యదర్శి సుజాతమ్మ గారు సీనియర్ స్టాఫ్ నర్సు. ఫారం ఆఫీసు ద్వారా పంపకుండా తానే వచ్చి నా చేతికిస్తూ, "మేడం, ఇది నింపే పిల్ల పేరు మీ దగ్గరే ఉండాలి. ఇంకెవరికీ తెలియకూడదు" అన్నారు. సరేనన్నాను.

మా క్లాసులో ఆ ఫారం నింపింది జెస్సీ ఒక్కతే. తల్లి నగరంలోనే అల్ ఖౌద్‌లో చిన్న క్లినిక్‌లో నర్సు. తండ్రి రెండు గంటల దూరంలోని సోహార్‌లో క్రేన్ ఫోర్‌మన్. కంపెనీ ఆయన కాంట్రాక్టు పొడిగించడం లేదని అప్పటికే తేలిపోయింది. హైదరాబాద్‌లో ఫిజిక్స్ ఆనర్స్ చదవాలని జెస్సీ కోరిక. నా సర్వీసులో ఆ సబ్జెక్టు మీద అంత మనసున్న పిల్లల్ని ఎక్కువమందిని చూడలేదు.

గడువు దగ్గర పడ్డాక చూస్తే ఫారంలో తండ్రి సంతకం లేదు. ప్రాక్టికల్ పరీక్షల హడావుడిలో ఉన్నాను. తల్లికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉండి ఎత్తలేదు. క్లాసు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టేశాను: ఫలానా సమాజం స్కాలర్‌షిప్‌కు జెస్సీ తండ్రి వెంటనే వచ్చి సంతకం చేయాలని, సమాజం పేరు, అందులోని దళిత అన్న మాటతో సహా, పూర్తిగా రాసి. కాసేపటికి నేను చేసిన పని తట్టి తీసేశాను. అప్పటికే చాలామంది చదివేశారు.

ఎవరూ ఒక్క మాట అనలేదు. జెస్సీ ప్రతి శుక్రవారం, అక్కడ బడికి సెలవు రోజు, స్నేహితురాలు సాహితి ఇంటికి వెళ్లి చదువుకునేది. ఆ వారం సాహితి తల్లి జెస్సీ ఇంటికి ఫోన్ చేసి, పరీక్షలు కదా, ఇక ఎవరింట్లో వాళ్లు చదువుకుంటే మంచిదని చెప్పిందట. ఆదివారం బడి తెరవగానే, రోజూ జెస్సీ పక్కన కూర్చునే సాహితి నా దగ్గరికొచ్చి, బోర్డు కనపడటం లేదు, ముందు బెంచీకి మార్చమని అడిగింది. మార్చాను. ఎందుకు అడుగుతోందో తెలిసే మార్చాను.

రెండు రోజుల తర్వాత జెస్సీ స్టాఫ్ రూమ్‌కు వచ్చింది.

"మేడం, నా ఫారం ఇచ్చేయండి."

ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందని నచ్చజెప్పబోయాను.

"నాకు సిగ్గేం లేదు మేడం. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నేను అనుకోవాలి కదా" అంది.

తండ్రిని పిలిపించాను. ఆయన సోహార్ నుంచి కంపెనీ యూనిఫాంలోనే వచ్చారు. క్షమించమన్నాను. ఆయన కూర్చోలేదు. "ఇక్కడికొచ్చాక మా ఊరిపేరు అడిగారు గానీ, మీరెవరని ఎవరూ అడగలేదు మేడం. పిల్ల అలాగే పెరిగింది" అని, ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. సుజాతమ్మ గారు వాళ్లింటికి రెండుసార్లు వెళ్లి బతిమాలారు. జెస్సీ ఒప్పుకోలేదు. ఆవిడ నన్ను కోప్పడలేదు. "నేను చెప్పింది మీకు చిన్న విషయంలా అనిపించింది" అన్నారు, అంతే.

నిబంధన ప్రకారం క్లాస్ టీచర్ ఆ సమాజానికి ఒక నివేదిక పంపాలి. "ఈ ఏడాది దరఖాస్తులు లేవు" అని రాసి సంతకం చేశాను. అది కాగితం మీద నిజమే.

జెస్సీకి బోర్డు పరీక్షల్లో ఫిజిక్స్‌లో క్లాసు మొత్తానికి ఎక్కువ మార్కులు వచ్చాయి. హైదరాబాద్‌లో సీటు వచ్చింది, ఫీజు కట్టలేక వదులుకున్నారు. తండ్రి ఉద్యోగం పోయాక ముగ్గురూ ఇండియా వెళ్లిపోయారు. ఆ అమ్మాయి ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో చేరి, దూరవిద్యలో బీకాం కట్టిందని సుజాతమ్మ గారి ద్వారా తెలిసింది. జెస్సీకి నేను రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

వెరిఫికేషన్ అంటే మార్కులూ హాజరూ సరిచూడటమేనని అంతకాలం అనుకున్నాను. పేరు దాచడం కూడా ఆ పనిలో భాగమే. నా కులం ఏమిటో దాచుకోవాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. అందుకే ఆ భాగం నాకు పనిలా కనపడలేదు. రిటైరయ్యేదాకా ఆ సమాజం ఫారాలు మళ్లీ నా దగ్గరికి రాలేదు. తల్లులే నేరుగా సుజాతమ్మ గారికి అందజేసేవారు. ఆ ఏర్పాటు సరైనదే.