ప్రకాశు నీళ్ళ మీద దింపింది తప్పు కాదు

నిన్న పొద్దున్న బతు బస్తీలో ఇంటి ముందు కూర్చుని వల కుట్టుకుంటున్నాను. అల్లుడు ఫోన్ చేశాడు.

"మావా, ప్రకాశు విమానం పడిపోయింది."

ఏ ప్రకాశురా అన్నాను. తెలిసే అడిగాను.

మన గోల్ ఘర్ కిరాణా కొట్టువాళ్ళ ప్రకాశు. నాలుగు సీట్ల ప్రైవేట్ విమానం నడిపే పైలట్.

సాయంత్రానికి హాస్పిటల్లో పోయాడు.

వెనక సీట్లో ఉన్న ఇద్దరూ బతికారు. ఆ మాట ఒక్కడూ రాయట్లేదు.

పొద్దున్నుంచి గ్రూపుల్లో ఒకటే వాగుడు. రన్‌వేకి ఎందుకు తిప్పలేదు? సముద్రం మీద ఎందుకు దింపలేదు? ఫ్యాన్ కింద కూర్చుని ఏటైనా చెప్పొచ్చు. ఇంజన్ దమ్ము పోయినప్పుడు మీలో ఎవడైనా పైన ఉన్నాడా?

నేనూ లేను. గాని వాణ్ణి ఒకసారి నీళ్ళలోంచి తీసింది నేనే.

ఆరేడేళ్ళయింది. మా డింగీ పడవకి ఎదురుగానే సముద్రం మీద విమానం దింపాడు. ఇంజన్ తిరుగుతోందంట, పవర్ మాత్రం లేదంట. నేను పోయేసరికి రెక్క మీద నిలబడి ఉన్నాడు, బూట్లు చేత్తో పట్టుకుని.

"బూట్లెందుకురా ఇప్పుడు?"

"కొత్తవి చాచా."

నోటికొచ్చినట్టు తిట్టాను. నవ్వాడు. డింగీలో కూర్చున్నాక నా బీడీ అడిగాడు.

ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, వచ్చేసేవాడు.

"పైనుంచి నాకు నీళ్ళే కనిపిస్తాయి చాచా. కింద ఏముందో నీకే తెలుసు. ఇంజన్ పోతే ఎక్కడ దింపొచ్చో చూపించు."

సునామీకి మన దీవి నేల కుంగింది కదా. పొలాలు ఉప్పునీళ్ళలో మునిగిపోయాయి. పైనుంచి చూస్తే సాఫుగా ఉంటుంది. కింద గట్లు, కొబ్బరి మొద్దులు ఎక్కడివక్కడే. వెదురు గడతో పొడిచి పొడిచి చూపించాను. వాడు కాగితం మీద గీసుకునేవాడు. నా చదువు అంతంతమాత్రమే గాని, ఆ గీతలు చూస్తే ఏ చోటో ఇట్టే చెప్పేవాణ్ణి.

ఒక్క చోటు మిగిలింది. తుష్నాబాద్ అవతలి ఖాడీ, సముద్రం లోపలికొచ్చిన పాయ.

పోయిన నెల వచ్చాడు. "పద చాచా, అదీ చూసేద్దాం" అన్నాడు.

ఇవాళ పోటు బాగోలేదు, మళ్ళీ చూద్దాం పోరా అన్నాను.

పోటు బాగానే ఉంది. నా మోకాలే బాగోలేదు. డింగీ ఎక్కాలంటే వాడి చెయ్యి పట్టుకోవాలి. యాభై ఏళ్ళు సముద్రంలో బతికినవాణ్ణి. మనసొప్పలేదు.

నిన్న వాడు దింపింది ఆ ఖాడీ పక్కన మునిగిన పొలంలో.

ఒడ్డున పీతలు పట్టేవాళ్ళు చూశారు. కొంగ వాలినట్టు వాలిందంట. ఆ తర్వాత మొద్దు తగిలిందంట.

నలభై బారలు పక్కకి పోతే లోతు నీళ్ళు. మొద్దు లేదు, గట్టు లేదు. నాకు తెలుసు. వాడికి తెలీదు.

ఇంజన్ ఎందుకు పోయిందో ఆఫీసర్లు చూసుకుంటారు. నాకు తెలీదు, మీకూ తెలీదు. చోటు తప్పు అనాలనుకుంటే నన్ను అనండి. బతు బస్తీలో ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు. రండి, మొహం మీదే అనండి.

వాణ్ణి మాత్రం బస్, చాలు, ఇంక వదిలెయ్యండి. వాళ్ళావిడ కూడా ఈ గ్రూపులోనే ఉంది. మీ రాతలన్నీ చదువుతోంది.

ప్రకాశూ, ఇద్దరిని ఒడ్డుకి చేర్చావు నాయనా. ఇంక ఏ ఇంజన్‌కీ చెవి పెట్టక్కర్లేదు. చల్లగా నిద్రపో.